ఒకే డబ్బా, ఐదు చెంచాలు

(కోనసీమలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో, నమూనా రేసు కార్లు తయారుచేసే విద్యార్థుల కోసం వర్షాకాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగిన ప్రసంగానికి ఇది అక్షర రూపం. వక్త రావులపాలెం దగ్గర కార్లకు రంగులు వేసే షెడ్డు నడుపుతున్నారు. ముప్పై ఏళ్లుగా నమూనా కార్లు తయారుచేస్తున్నారు.)

అందరికీ నమస్కారం. మైకు అక్కర్లేదని చెప్పాను గానీ, రేకుల మీద వాన నాకంటే గట్టిగా మాట్లాడుతోంది. పెట్టండి, పెట్టండి.

ముందుగా ఈ చెంచాలు. ఐస్‌క్రీం తినే ప్లాస్టిక్ చెంచాలే. ఐదున్నాయి. ముందు వరుస నుంచి వెనక్కి అందించుకుంటూ వెళ్లండి. కాడ దగ్గర పట్టుకోండి, రంగు మీద వేలు పెట్టకండి. వాటి మీద ఎన్ని రకాల ఎరుపులు ఉన్నాయో చూసి చెప్పండి.

నాలుగా? ఐదా? వెనక ఎవరో మూడంటున్నారు.

ఐదింటి మీద ఉన్నదీ ఒకే డబ్బాలోని రంగు. నమూనా కార్ల కిట్లు, రంగులు చేసే జపాన్ కంపెనీ టామియా వాళ్ల స్ప్రే డబ్బా, టీఎస్-8, ఇటాలియన్ రెడ్. ఒకే రోజు, ఒకే చేత్తో, రెండేసి పూతలు కొట్టాను. మారిందల్లా కింద వేసిన రంగు. మొదటిదానికి కింద తెలుపు, రెండోదానికి బూడిద రంగు, మూడోదానికి గులాబీ, నాలుగోదానికి నలుపు, చివరిదానికి వెండి. తెలుపు మీద వేసింది మిరపపండులా ఉంది. బూడిద మీద వేసింది నాలుగు ఉతుకులు పడ్డ చీరలా వెలిసింది. గులాబీ మీద వేసింది చిక్కగా, వెచ్చగా ఉంది. నలుపు మీదది గోదాములో ఏడాది నిల్వ ఉన్న ఎండుమిరపకాయ. వెండి మీదది దానిమ్మ గింజ. ఇప్పుడు చెప్పండి, ఫెరారీ ఎరుపు వీటిలో ఏది? డబ్బా మీద రాసి ఉందిగా అంటే కుదరదు, ఐదూ ఆ డబ్బాలోవే.

నాకు ఫోన్ చేసే కుర్రాళ్లలో నూటికి తొంభై మంది ఒకటే అడుగుతారు: "ఫలానా కారుకు ఏ నంబరు రంగు కొనాలండీ?" నంబరు చెప్పడం తేలికే. ఆ నంబరు దాకా రాకముందు జరగాల్సిన పని ఒకటుంది, దాని తర్వాత జరగాల్సిన పని ఇంకొకటుంది. ఈ రోజు నేను మాట్లాడేది ఆ రెండింటి గురించే.

మా నాన్నగారిది ఇదే షెడ్డు. ఆ రోజుల్లో వచ్చినవన్నీ అంబాసిడర్లు, పద్మినీలు, పెళ్లిళ్లకు తిప్పే వ్యాన్లు. లారీ గీసుకుపోయిన అంబాసిడర్ వచ్చిందనుకోండి, తలుపు ఒక్కదానికే రంగు వేయాలి, అది మిగతా బండితో కలిసిపోవాలి. ఆయన ఏ పుస్తకమూ తెరిచేవారు కాదు. పెట్రోలు మూత తీసి, ఎండ తగలని ఆ లోపలి అంచు చూసేవారు. బండి షోరూం నుంచి వచ్చిననాటి రంగు అక్కడ ఉంటుంది. తర్వాత బానెట్ చూసేవారు. పదేళ్ల ఎండకు అది ఎంత వెలిసిందో అక్కడ తెలుస్తుంది. తర్వాత యజమానిని అడిగేవారు: "మీకు బండి కొన్ననాటి రంగు కావాలా, ఈనాటి రంగు కావాలా?" ఆ యజమాని తెల్లముఖం వేసేవాడు. కానీ ఆ ప్రశ్నకు జవాబు రాకుండా నాన్నగారు స్ప్రే గన్ను చేతిలోకి తీసుకునేవారు కాదు.

నమూనా కారు చేసేవాడికీ అదే ప్రశ్న. ఏ రోజు నాటి కారు చేస్తున్నారు?

ఉదాహరణ చెబుతాను. 1964లో ఫార్ములా వన్ పందేల్లో జాన్ సర్టీస్ ఫెరారీ నడిపి ప్రపంచ విజేత అయ్యాడు. ఫెరారీ అనగానే మన చెయ్యి తనంతట తనే ఎర్ర డబ్బా మీదికి పోతుంది. అయితే ఆ ఏడాది చివరి రెండు పందేలు, అమెరికాలోదీ మెక్సికోలోదీ, ఫెరారీలు తెలుపు, నీలం రంగుల్లో పరుగెత్తాయి. ఇటలీ మోటారు సంఘంతో కంపెనీ యజమాని ఎంజో ఫెరారీకి తగవు వచ్చి, ఉత్తర అమెరికాలోని తన అనుబంధ జట్టు పేరు మీద, వాళ్ల రంగుల్లో కార్లు దింపాడు. సర్టీస్ కిరీటం ఖాయమైంది మెక్సికోలోనే. అంటే అతను విజేత అయిన రోజు నాటి కారు చేయాలనుకుని, ప్రపంచంలోకెల్లా ఖచ్చితమైన ఎరుపు కొని తెచ్చి, గులాబీ రంగు మీద మూడు పూతలు వేసి, అద్దంలా పాలిష్ పట్టినా అది తప్పే. కొన్న రంగులో తప్పు లేదు, చూసిన క్యాలెండరులో ఉంది.

ఇంకొకటి. పోర్షె 917 అనే రేసు కారు పేరు వినగానే లేత నీలం ఒంటి మీద నారింజ పట్టీ, గల్ఫ్ ఆయిల్ కంపెనీ రంగులు గుర్తొస్తాయి. 1970లో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన 917 నీలం కాదు. అది సాల్జ్‌బర్గ్ జట్టుది, ఎరుపూ తెలుపూ. మరుసటి ఏడాది గెలిచింది మార్టిని అనే మద్యం కంపెనీ రంగులది. గల్ఫ్ రంగుల్లోని 917 ఆ పందెం గెలవనే లేదు. బొమ్మ కింద "లె మాన్స్ విజేత" అని రాసి నీలం కారు పెట్టినవాళ్లను నేను చూశాను. నేనూ పెట్టాను లెండి, చాలాకాలం క్రితం. (నవ్వులు)

గల్ఫ్ రంగుల్లో లె మాన్స్ గెలిచింది ఫోర్డ్ జీటీ40. అదీ ఒకే కారు, 1075 నంబరు ఛాసీ, వరసగా 1968లో ఒకసారి, 1969లో ఒకసారి. మొదటి ఏడాది దాని మీద 9 అంకె, రెండో ఏడాది 6. సాధారణంగా జూన్‌లో జరిగే ఆ పందెం, 1968లో ఫ్రాన్సులో జరిగిన అల్లర్ల వల్ల సెప్టెంబరు చివరికి వాయిదా పడింది. అదే కారు, అదే నీలం, కానీ ఒక ఏడాది ఫొటోలు శరదృతువు వెలుతురులో తీసినవి, ఇంకో ఏడాదివి నడి వేసవి వెలుతురులో తీసినవి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని, "1969లో నీలం మార్చారు" అని తేల్చేయడం చాలా సులభం. మారింది ఎండ కావచ్చు.

ఆ నీలం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నన్ను ఎక్కువగా ఏడిపించింది అదే. గల్ఫ్ కంపెనీ సొంత రంగులు ముదురు నీలం, నారింజ. ఈ లేత నీలం వాళ్లది కాదు. కాలిఫోర్నియాలోని విల్‌షైర్ ఆయిల్ అనే కంపెనీని గల్ఫ్ కొన్నప్పుడు దానితోపాటు వచ్చింది. ముదురు నీలం కంటే ఇది ట్రాక్ మీద బాగా కనబడుతుందని రేసు కార్లకు ఎంచుకున్నారు. పేరుకు లేత నీలమే, కానీ అందులో పిసరంత ఆకుపచ్చ ఉంది. ఆ పిసరు తగ్గితే చంటిపిల్లల గది గోడ. ఎక్కువైతే ఆసుపత్రి గోడ. మన భాషలో రంగులకు మంచి పేర్లున్నాయి గానీ ఈ పిసరుకు పేరు లేదు. పచ్చ అంటేనే ఒకరికి ఆకుపచ్చ, ఇంకొకరికి పసుపు. చీరల కొట్టులో మాత్రం ఈ గొడవ ఉండదు: చిలకపచ్చ, మామిడి చిగురు, ఉల్లిపొర, నెమలి కంఠం, కనకాంబరం. రంగు పేరు చెప్పగానే వస్తువు కళ్ల ముందు నిలుస్తుంది. నా నోటు పుస్తకంలో నేనూ అలాగే రాసుకుంటాను.

చీరల కొట్టు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మా ఆవిడతో బండారులంక చీరకు జాకెట్టు గుడ్డ కొనడానికి అమలాపురంలో ఒక మ్యాచింగ్ సెంటరుకు వెళ్లాను. లోపల లైట్ల కింద జాకెట్టు గుడ్డ, చీర అంచు ఒకటే రంగు. నాకు తేడా కనబడలేదు, కొట్టు కుర్రాడికీ కనబడలేదు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా రెండూ పట్టుకుని కొట్టు బయటికి, మెట్ల మీదికి వెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను. ఎండలో చీర అంచు వంగపండు, జాకెట్టు గుడ్డ నేరేడుపండు. నేను రంగుల వ్యాపారంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు.

దీనికి మెటామెరిజం అని శాస్త్రీయ నామం. రెండు రంగులు ఒక వెలుతురులో ఒకటిగా, ఇంకో వెలుతురులో వేరుగా కనబడతాయి, ఎందుకంటే వాటిలో కలిపిన పొడులు వేరు. ఒకటి నాలుగు పొడులు కలిపి ఆ వంగపండుకు చేరింది, ఇంకొకటి రెండింటితో చేరింది. ఎల్‌ఈడీ దీపం కాంతిలో అన్ని వర్ణాలూ సమానంగా ఉండవు. ఏ వర్ణం తక్కువగా ఉందో ఆ వర్ణంలో ఉన్న తేడా దాగిపోతుంది. బల్బు డబ్బా మీద 6500కె అని, పగటి వెలుగు అని రాసి ఉంటుంది. ఆ మాట నమ్మి రంగు కలపకండి. ఆ అంకె ఆ వెలుతురు మొత్తం మీద ఎంత తెల్లగా కనబడుతుందో చెబుతుందే తప్ప, అందులో ఏయే వర్ణాలు ఎంతెంత ఉన్నాయో చెప్పదు. నేను ప్రతి నమూనా రంగునూ మూడుచోట్ల చూస్తాను: ఉదయం తొమ్మిదింటికి వరండా నీడలో, రాత్రి బల్లమీది దీపం కింద, చివరికి ఆ కారు పెట్టబోయే అద్దాల బీరువాలో. మూడుచోట్లా గెలవకపోతే బీరువాలో గెలిచినదాన్నే ఎంచుకుంటాను. కారు బతికేది అక్కడే కదా.

ఇక సాక్ష్యాల సంగతి. కారు ఎదురుగా లేదు, యాభై ఏళ్ల కిందటిది. మన చేతిలో ఉన్నవి ఫొటోలు. ఫొటో నిజం చెబుతుంది గానీ దాని చేత చెప్పించాలి. పాత రంగుల ఫొటోలు వయసుతో ఒక రంగు వైపు ఒరిగిపోతాయి. మీ ఇళ్లలో ఎనభైల నాటి పెళ్లి ఆల్బం తీసి చూడండి, పెళ్లికొడుకు పంచె ఎరుపు తిరిగి ఉంటుంది. ఆ పంచె తెలుపని మీకు ముందే తెలుసు, అందుకే పెళ్లికూతురి చీర రంగును మనసులోనే సవరించుకుంటారు. రేసు కారు ఫొటోలో ఆ పంచె ఏది? నంబరు చుట్టూ ఉండే తెల్ల గుండ్రం. అది పసుపు తిరిగిందా, నీలం తిరిగిందా ముందు చూడండి. తర్వాత టైర్ల నలుపు. ఆ రెండూ సరిగ్గా కనబడిన ఫొటోలోని ఒంటి రంగును మాత్రమే నమ్మండి. మ్యూజియం కారును మరీ ఎక్కువగా నమ్మకండి, దానికి ఎన్నోసార్లు మళ్లీ రంగు వేసి ఉంటారు. వేసినవాడు కూడా మనలాగే ఫొటో చూసే వేసి ఉండవచ్చు. కిట్ పెట్టెలోని కాగితంలో ఆ కంపెనీ తన సొంత సీసాలోని రంగుల్లోంచే దగ్గరిది రాస్తుంది. దగ్గరిది అంతే.

కొన్ని కార్ల విషయంలో ఫొటోలన్నీ ఒక్క గొంతుతో ఒకటే చెప్పినా అది తప్పవుతుంది. 1988 నాటి మెక్లారెన్ ఎంపీ4/4, సెన్నా, ప్రోస్ట్‌లు నడిపిన ఫార్ములా వన్ కారు. ఆ ఏడాది 16 పందేల్లో 15 గెలిచింది. టీవీలో చూసినా, పత్రికల్లో చూసినా తెలుపూ ఎరుపూ. ఆ జట్టుకు డబ్బు పెట్టిన మార్ల్‌బరో సిగరెట్ పెట్టె మీది ఎరుపే అది. దగ్గరగా చూస్తే మాత్రం ఆ కారు ఎరుపు కాదు, కనకాంబరం వైపు తిరిగిన, మండిపోయే ఫ్లోరోసెంట్ రంగు. ఎందుకంటే అసలు ఎరుపు వేస్తే అప్పటి టీవీలో అది ముదిరి, మట్టి కొట్టుకుపోయినట్టు కనబడేది. తెరమీద సిగరెట్ పెట్టె ఎరుపు కనబడాలంటే కారు మీద ఇంకో రంగు ఉండాలి. నాటకంలో రాజు బుగ్గలకు అంత ఎరుపు ఎందుకు పూస్తారు? ముందు వరుసలో కూర్చుంటే భయమేస్తుంది, చివరి వరుస నుంచి చూస్తే రాజు ఆరోగ్యంగా ఉంటాడు.

ఇప్పుడు మీరు ఏం చేస్తారు? కారు మీద ఉన్న రంగు వేస్తారా, జనం గుర్తుపెట్టుకున్న రంగు వేస్తారా? నేనైతే కారు మీది రంగే వేస్తాను. చూడ్డానికి వచ్చిన బంధువులు, "ఇదేమిటి, నారింజ వేశావు?" అంటారు. అనుకోనివ్వండి. ఫోన్‌తో ఫొటో తీసి చూపిస్తే చాలాసార్లు మళ్లీ ఎరుపు వైపు వెళుతుంది, అప్పుడు వాళ్లే నోరు మూసుకుంటారు. (నవ్వులు) ఆ రంగు వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. కింద పాలలాంటి తెలుపు తప్పనిసరి, ఎందుకంటే ఫ్లోరోసెంట్ రంగుకు కింద ఉన్నదాన్ని దాచే శక్తి తక్కువ. రెండు, అది కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని, నీలి కాంతిని పీల్చుకుని ఎర్రటి వెలుగుగా బయటికి వదులుతుంది, ఆ మంట అంతా దానివల్లే. కిటికీ పక్కన పెడితే కొన్నాళ్లకు ఆ గుణమే చచ్చిపోయి వెలిసిపోతుంది. మన ఎండ సంగతి మీకు చెప్పాలా.

దేశాల రంగులు త్వరగా చెప్పేసి ముందుకు వెళతాను. పూర్వం కారుకు కంపెనీ రంగు కాదు, దేశం రంగు ఉండేది: ఇటలీ ఎరుపు, బ్రిటన్ ఆకుపచ్చ, ఫ్రాన్స్ నీలం, బెల్జియం పసుపు, జర్మనీ మొదట తెలుపు, తర్వాత వెండి. 1965లో మెక్సికోలో గెలిచిన హోండా మీద దంతపు తెలుపు, దానిమీద ఎర్రటి సూర్యుడు. ఈ పేర్లు రంగుల పేర్లని అనుకోకండి, ఇంటిపేర్లు అనుకోండి. 1920ల నాటి బెంట్లీ ఆకుపచ్చ, 1963లో జిమ్ క్లార్క్ విజేత అయిన లోటస్ 25 ఆకుపచ్చ ఒకే ఇంటివే, ముఖాలు వేరు. "బ్రిటిష్ గ్రీన్" అని డబ్బా మీద ఉంటే, ఏ బ్రిటిష్ అని అడగండి. ఫ్రెంచి నీలం అంటే ఇక్కడ యానాం వాళ్లెవరైనా ఉంటే మా ఊరిదే అంటారేమో. 1954 దాకా ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్న ఊరు కదా. ఫ్రెంచి రేసు కారు బుగాటీ నీలం మాత్రం యానాం గోడల మీద వెతికితే దొరకదు. వెండి రంగు గురించి అందరూ ఒక కథ చెబుతారు: 1934లో 750 కిలోల బరువు పరిమితి దాటిందని మెర్సిడెస్ వాళ్లు రాత్రికి రాత్రి తెల్లరంగు గీకేశారని. చరిత్రకారులు దాన్ని అనుమానిస్తారు. నాకు రంగు గీకిన అనుభవం ఉంది కాబట్టి, రాత్రికి రాత్రి గీకడమంటే నాకూ అనుమానమే.

దూరం సంగతి ఇది. మీ కారు 1/24, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు అయితే, దాన్ని ముప్పై సెంటీమీటర్ల నుంచి చూడటమంటే నిజమైన కారును 7.2 మీటర్ల దూరం నుంచి చూడటం. దూరం పెరిగినకొద్దీ రంగు పలచబడుతుంది. గోదావరి గట్టున నిలబడి అవతలి ఒడ్డు కొబ్బరిచెట్లు చూడండి, ఆకుపచ్చ పోయి నీలి బూడిదగా ఉంటాయి. అందుకని నమూనాకు రంగు కొంచెం తేలిక చేయాలంటారు. యుద్ధ విమానాలకు, ఓడలకు అది పనికొస్తుంది. ఏడు మీటర్ల దూరంలో కారు రంగు అంతగా పలచబడదు. పైగా ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ అవుతుంది, పీచుమిఠాయి అవుతుంది. తేలిక చేయాలనిపిస్తే చుక్క నారింజ కలపండి, తెలుపు వద్దు. ఒంటి నలుపు నలుపుగానే ఉంచండి. టైరుకు మాత్రం నలుపు వాడకండి, ముదురు బూడిద వాడండి.

దూరం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మెరుపు పొడి. నిజమైన మెటాలిక్ రంగులో అల్యూమినియం రేకులు చాలా సన్నవి. ముప్పై మైక్రాన్ల రేకు ఒకటి తీసుకోండి, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అదే రంగు 1/24 కారు మీద కొడితే, ఆ రేకు నిజమైన కారు మీద దాదాపు ముప్పావు మిల్లీమీటరు ఉన్నట్టు లెక్క. అంటే కారు మీద బొంబాయి రవ్వ చల్లినట్టు. షెడ్డులో మిగిలిన అసలు కారు పెయింట్ తెచ్చి నమూనా మీద కొట్టి, "ఇది నూటికి నూరుపాళ్లు అసలు రంగు" అని చెప్పుకునేవాళ్లున్నారు. రంగు అసలుదే, కారు మాత్రం రవ్వదోసెలా ఉంటుంది. పైగా కార్లకు వాడే ఘాటు థిన్నరు మీ పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ను కొరికేస్తుంది. మందం కూడా చూడండి. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం వంద మైక్రాన్లు అనుకుంటే, మీ కారు మీద అదే మందం దాదాపు రెండున్నర మిల్లీమీటర్లతో సమానం, తలుపుల గీతలు పూడిపోతాయి.

పట్టీలు. గల్ఫ్ కారుకు నారింజ పట్టీ స్టిక్కరుగా వస్తుంది. నీలం మీద అంటించగానే ఇటుక రంగుకు దిగిపోతుంది, ఎందుకంటే ఆ సిరా పలచన, కింది నీలం పైకి కనబడుతుంది. అందుకే నేను ముందు తెలుపు, దానిమీద నారింజ, ఆరాక టేపు వేసి మూసేసి, చివర నీలం కొడతాను. నాలుగు రోజుల పని. స్టిక్కరైతే నాలుగు నిమిషాలు.

ఇప్పుడు మన ఊరి శత్రువు దగ్గరికి వద్దాం. ఈ వాన.

మొన్నటి కార్తీకంలో కాదు, అంతకు ముందు ఏడాది, నా 917కి నీలం వేశాను. మూడు నెలలు నీలాలు కలిపి, నలభై చెంచాలు పాడుచేసి, మూడుచోట్లా గెలిచిన నీలం. అల్పపీడనం పట్టిన రోజు. ఆగలేకపోయాను. రెండో పూత కొట్టి, తిరిగి చూసేసరికి కారు మీద పాలమీగడ కట్టినట్టు తెల్లటి పొర. ఆ నీలం ఎటు పోయిందో తెలియలేదు. లక్కర్ అనే ఈ త్వరగా ఆరే రంగులో ఉన్న థిన్నరు గబగబా ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది, చల్లబడ్డ పూత మీద గాలిలోని తేమ చెమరుస్తుంది. చల్లటి మంచినీళ్ల గ్లాసు బయట చెమరుస్తుందే, అదే. ఆ నీరు పూతలో చిక్కుకుని తెల్లబారుతుంది. నాన్నగారు బతికుంటే ఒక మాటే అనేవారు: "తొందరేమొచ్చింది?" ఆయన అలాంటి రోజుల్లో షెడ్డు తలుపు వేసి పడుకునేవారు.

పోయిందని పారేయకండి. గాలి పొడిబారిన రోజు, ఆలస్యంగా ఆరే థిన్నరు, రిటార్డర్ అని అడిగితే ఇస్తారు, అది మంచులా పలచగా ఒక్కసారి కొట్టండి. పై పొర మెత్తబడి, చిక్కుకున్న తేమ బయటికి పోయి, చాలావరకు రంగు తిరిగి వస్తుంది. నాది ముప్పాతిక వంతు వచ్చింది. పైకప్పు మాత్రం మళ్లీ వేయాల్సి వచ్చింది. వానాకాలంలో తప్పనిసరిగా వేయాల్సి వస్తే మధ్యాహ్నం పూట వేయండి, తెల్లవారుజామున వద్దు. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పెట్టండి, మరిగే నీళ్లలో పెడితే పేలుతుంది. ముక్కుకు మంచి మాస్కు, గదికి గాలి. పక్కన పొయ్యి ఉండకూడదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: "సార్, పెయింట్ కొట్టులో కంప్యూటర్‌తో రంగు చదివి కలిపి ఇస్తారు కదా. ఫొటో పట్టుకెళితే సరిపోదా?")

ఆ యంత్రం ఫొటో కాగితం మీది సిరాను చదువుతుంది, ఆ కారును కాదు. వెలిసిన ఫొటో ఇస్తే వెలిసిన రంగును చాలా ఖచ్చితంగా కలిపి ఇస్తుంది. నువ్వు వరండా నీడలో కలుపుకున్న చెంచాను పట్టుకెళ్లు, అప్పుడు ఆ యంత్రం పనికొస్తుంది. అక్కడ కలిపేది ఎక్కువగా ఘాటు రంగే, ప్లాస్టిక్ మీద ముందు ప్రైమరు పలచగా రెండు మూడు పూతలు పడాలి. గట్టిపడే ద్రవం కలిపే రెండు భాగాల పెయింట్ మాత్రం ఇంట్లో వద్దు. దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మా షెడ్డులో అయినా సరైన మాస్కు లేకుండా ఎవర్నీ ముట్టుకోనివ్వను.

(ఒక విద్యార్థిని: "2023లో హైదరాబాద్‌లో ఫార్ములా ఈ, అదే విద్యుత్ కార్ల పందెం, చూశానండీ. మహీంద్రా కారు ఫొటోలు నా ఫోన్లోనే ఉన్నాయి. అవి సాక్ష్యం కింద పనికొస్తాయా?")

అమ్మా, నీ దగ్గర ఫొటో కంటే విలువైనది ఉంది, నువ్వు కళ్లతో చూశావు. ఆ రోజు ఫిబ్రవరి 11, హుస్సేన్ సాగర్ పక్కన, పగటిపూట. ఫోను తన సొంత తెలివితో రంగులను కొంచెం ముదిరిస్తుంది. ఆ ఫొటోల్లో తెల్లగా ఉండాల్సినది, సిమెంటు గోడో, ఎవరిదైనా తెల్ల చొక్కానో వెతుకు. తర్వాత కళ్లు మూసుకుని, నీకు గుర్తున్న ఎరుపును ఒక వస్తువు పేరుతో కాగితం మీద రాసుకో. టమాటానా, కుంకుమా, గోంగూర కాడా? ఈ రాత్రే రాసుకో. ఫొటోలు చూసేకొద్దీ నీ జ్ఞాపకం ఫొటో రంగులోకి మారిపోతుంది. ఇప్పటికే కొంత మారిపోయి ఉంటుంది.

(ఇంకొకరు: "ఇంత శ్రమపడి చేసినా చూసేవాళ్లకు తేడా తెలుస్తుందా అండీ?")

మా ఆవిడకు తెలుస్తుంది. (నవ్వులు)

వాన వెలిసినట్టుంది. ఆ పడమటి కిటికీలోంచి ఎండ పడుతోంది చూడండి. లైట్లు ఆపేయండి. చెంచాలు ఎవరి దగ్గరున్నాయో వాళ్లు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చూడండి. గులాబీ మీద వేసిందీ తెలుపు మీద వేసిందీ లోపల దాదాపు ఒకటే అన్నారు కదా ఇందాక? ఇప్పుడు చూడండి.

చూశాక ఇటు ఇచ్చేయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నలుపు మీద వేసింది ఎవరి దగ్గరుంది?